డిష్‌వాషర్ రివ్యూ: తొమ్మిది మంది, ఇద్దరు తోడికోడళ్ళు, ఒక సింకు

బాక్సు విప్పిన మర్నాడే ఐదు స్టార్లు పెట్టేసే రివ్యూ కాదండి ఇది. సంక్రాంతి ముందు కొన్నాం, రథసప్తమి చుట్టాల్ని చూసింది, ఎండాకాలం నీళ్ళ కటకట చూసింది, వానాకాలం కరెంటు కోతలు చూసింది, ఇంట్లో ప్రతి ఒక్కరూ దాని మీద ఒక్కసారైనా అలిగారు, అవన్నీ అయ్యాక రాస్తున్నా. తొందరలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే గిన్నెలు బాగానే తోముతుంది. కానీ మా ఇంట్లో అది చేసిన అసలు పని వేరే, అంట్లు తోమడం అనే ఒక్క పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి బయట పడేసింది, అప్పటిదాకా సింకు వైపు కన్నెత్తి చూడనివాళ్ళకి కూడా తలో ముక్క అంటగట్టడానికి వీలైంది. అలా అంటగట్టకుండా ఊరికే కొనుక్కుంటే మాత్రం ఇంత డబ్బు దండగ.

ముందు ఇల్లు గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. శ్రీకాకుళంలో బలగ వైపు మా ఇల్లు, కింద ఫ్లోర్‌లో అందరం కలిసే ఉంటాం. మావయ్య, అత్తయ్య, బావగారు, అక్క (నా తోడికోడలు, మేం అక్కా చెల్లీ అనే పిలుచుకుంటాం), ఇంటర్ చదివే వాళ్ళబ్బాయి, ఎనిమిదో క్లాసు అమ్మాయి, మా ఆయన, నేను, మా బుడ్డది. మా ఆయనది పైడిభీమవరంలో ఫార్మా కంపెనీ, షిఫ్టు డ్యూటీ. నేను నరసన్నపేటలో జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, పొద్దున్నే బస్సు. అక్క ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లోనే ఉంటుంది అనే ఈ మాట దగ్గరే అన్ని గొడవలూ పుట్టేవి, ఎందుకంటే ఇంట్లో ఉన్న మనిషికి పని గంటలు ఉండవు అని మనందరికీ ఒక లెక్క కదా. వంట అక్కది, అంట్లు నావి అని పెళ్ళైన కొత్తలో ఎవరు పెట్టారో ఏమో రూలు పెట్టేశారు. వినడానికి సగం సగం. కానీ నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అంట్లు ఎండిపోయి ఉండేవి, వాటిని అలా చూడలేక అక్కే తోమేసేది, తోమేసి ఏమీ అనేది కాదు, ఆ ఏమీ అనకపోవడం ఉంది చూడండి, అదే భరించలేకపోయేదాన్ని.

క్లాసులో పిల్లలకి చెప్పే లెక్క ఒకటి ఇక్కడ చెప్తా. 2019లో కేంద్రం వాళ్ళు మొదటిసారి దేశం మొత్తం టైమ్ యూజ్ సర్వే చేశారు, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారు అని. ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. పర్లేదే, గంటన్నర చేస్తున్నారే అనుకుంటాం, కానీ ఆ 97 అనేది పని చేసిన మగవాళ్ళ సగటు మాత్రమే, అసలు ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. ఇది నేను భోజనాల దగ్గర చదివి వినిపిస్తే బావగారు "మరి బజారు పనులు, కరెంటు బిల్లు అవి ఎవరు లెక్కేస్తారు" అన్నారు. అక్క పెరుగు వడ్డిస్తూ "కరెంటు బిల్లు నెలకోసారి, ఈ గరిటె పూటకోసారి" అంది. డిష్‌వాషర్ కొందాం అన్న మాట ఆ రాత్రే మొదలైంది.

కొనడం గురించి ఎక్కువ రాయను. బాష్, ఐఎఫ్‌బీ, ఎల్‌జీ, వోల్టాస్ బెకో, ఫేబర్ ఇలా అన్నీ దొరుకుతున్నాయి, మాది ఏదో కావాలనే రాయట్లేదు, ఎందుకంటే షాపువాళ్ళ మీదా సర్వీసు మీదా కింద కొంచెం తిడతాను. 40 వేలు దాటింది. నా జీతం కొంత, బావగారు కొంత, మావయ్య పెన్షన్‌లోంచి కొంత వేసుకున్నాం, ముగ్గురూ వెయ్యడం మంచిదైంది, ఒక్కరే కొంటే అది వాళ్ళ పెళ్ళాం కోసం కొన్న సామాను అయిపోతుంది. బాక్సు మీద ఇన్ని ప్లేస్ సెట్టింగులు (ఒక్క మనిషి భోజనానికి వాడే ప్లేట్లు, గ్లాసు, స్పూన్లు కలిపి ఒక సెట్టింగ్) అని ఒక నంబరు ఉంటుంది, 12, 13, 14 అలా, దాన్ని నమ్మకండి. ఆ లెక్క పల్చటి పింగాణీ ప్లేట్లతో వేసింది, మన అంచు కంచాలు, లోతు గిన్నెలు, కుక్కరు గిన్నెలు పెడితే అంతమందికి ఎక్కడ సరిపోతుంది. మా తొమ్మిది మందికి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి తిప్పాలి. పెద్ద తపేలాలు, అన్నం వండే గుండు గిన్నె దాంట్లో పట్టవు.

ఇన్‌స్టాల్ చేసిన రోజు మాత్రం చుక్కలు కనబడ్డాయి. షాపతను కొనేటప్పుడు "అంతా మా మనుషులే చూసుకుంటారమ్మా" అన్నాడు, తీరా వచ్చిన కుర్రాడు కుళాయి పాయింటు లేదు, 16 ఆంప్స్ ప్లగ్గు లేదు, ప్రెషర్ లేదు అని మూడు లేదులు చెప్పి వెళ్ళిపోయాడు. లోపల నీళ్ళు వేడి చేసే హీటర్ ఉంటుంది, రెండు వేల వాట్ల దగ్గర లాగుతుంది, మామూలు 6 ఆంప్స్ సాకెట్లో పెట్టకూడదు. ఇక ప్రెషర్ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. ట్యాంకులో నీటిమట్టం మెషిన్ పైపు కన్నా 10 మీటర్లు ఎత్తులో ఉంటే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. చాలా మోడళ్ళకి 0.3 నుంచి 0.5 బార్ అయినా ఉండాలి. అంటే మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తు. ఒక అంతస్తు ఇంటి మీద, స్లాబుకి ఆనించి ట్యాంకు పెట్టి, కింద వంటింట్లో మెషిన్ పెడితే అంచు మీద ఉంటుంది, ట్యాంకు సగం ఖాళీ అయ్యేసరికి నీళ్ళు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంది. బావగారు మేస్త్రీని పిలిపించి ట్యాంకు కింద ఇటుక దిమ్మె కట్టించారు. ఆ మనిషికి ఈ మెషిన్ మీద మమకారం అక్కడే మొదలైంది అనుకుంటా.

నిజంగా పనికొచ్చేలా దీన్ని మొదట తయారు చేయించినావిడకీ ఇదే తిప్పలు. జోసెఫిన్ కోక్రేన్ అని అమెరికా ఆవిడ, ఇంట్లో పనివాళ్ళు తోముతుంటే పింగాణీ ప్లేట్ల అంచులు విరుగుతున్నాయని తనే యంత్రం తయారు చేయించింది, 1886 డిసెంబర్ 28న పేటెంట్ వచ్చింది, 1893లో చికాగో ఎగ్జిబిషన్‌లో చూపించింది. కొన్నది మాత్రం ఎక్కువగా హోటళ్ళవాళ్ళు. అప్పట్లో ఇళ్ళల్లో అంత వేడినీళ్ళకి ఏర్పాటే ఉండేది కాదు మరి. మెషిన్ వచ్చేసినా ఇల్లు దానికి తయారుగా ఉండాలి కదా, మా ఇంట్లో దిమ్మె కట్టేదాకా పెట్టె అట్టపెట్టెలోనే ఉంది.

ఇక తోమడం ఎలా ఉంది. స్టీలు కంచాలు, గ్లాసులు, గరిటెలు, పింగాణీ, గాజు, వీటికి వంక పెట్టలేం, చేప వాసన కూడా ఉండదు. 70 డిగ్రీల వేడి ప్రోగ్రాం పెడితే పులుసు గిన్నెలు, ఆవ పెట్టిన కూర గిన్నెలు శుభ్రంగా వస్తాయి, రెండు గంటలకి పైనే పడుతుంది. చోడంబలి గిన్నె మాత్రం ఎండిపోయాక పెడితే దాని వల్ల కాదు, అంబలి తాగినవాళ్ళు వెంటనే నీళ్ళు పోసి నానబెట్టాలి. అలా అని అన్నీ ముందే కుళాయి కింద కడిగేసి పెట్టక్కర్లేదు, మెతుకులు, ముళ్ళు, కరివేపాకు చెత్తలోకి దులిపేస్తే చాలు, మెషిన్ లో వేసే సబ్బు టాబ్లెట్లో ఎంజైములు ఉంటాయి, అవి పిండిపదార్థాన్నీ గుడ్డు, మాంసం లాంటి ప్రోటీన్ మరకల్నీ కరిగించడానికే ఉన్నాయి. మా అత్తయ్య ఇది ఒప్పుకోలేదు. "ఓలమ్మో, ఎంగిలి కంచాలన్నీ ఆ పెట్టిలో ఏసి తలుపేసేత్తారా, ఆటి నీళ్ళే ఈటి మీద పడవేటే" అని చాలా రోజులు ఆవిడ కంచం ఆవిడే తోముకున్నారు. ఆ అనుమానం తప్పేం కాదు, ఒక విడత నీళ్ళు తిరిగి తిరిగి కొడుతుంది, తర్వాత అవి పారబోసి కొత్త నీళ్ళు తీసుకుంటుంది, అలా కొన్నిసార్లు చేస్తుంది, చివర కడుగు వేడినీళ్ళతో. ఇది చెప్తే వినలేదు గానీ ఒకరోజు గ్లాసు వెలుతురుకి పెట్టి చూసి ఊరుకున్నారు. దేవుడి సామాన్లు మాత్రం ఎప్పటికీ అందులోకి వెళ్ళవు. వెళ్ళకూడదు కూడా, ఇత్తడి, రాగి అందులో పెడితే మెరుపు పోతుంది. సత్తు గిన్నెలు నల్లబడతాయి, ఇనప మూకుడు తుప్పు పడుతుంది, నాన్‌స్టిక్ పెనం పూత పాడవుతుంది, చెక్క పిడుల గరిటెలు బీటలిస్తాయి. పసుపు పట్టిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు పచ్చగానే వస్తాయి, పైగా తడిగా వస్తాయి, ఎందుకంటే ఇది గాలి కొట్టి ఆరబెట్టదు, గిన్నె వేడికే తడి ఆరాలి, ప్లాస్టిక్ వేడిని పట్టుకోదు.

అంటే మెషిన్ వచ్చినా చేత్తో తోమాల్సినవి ఒక గుట్ట మిగులుతుంది, అదీ బరువైన గుట్ట. అన్నం గిన్నె, ఇనప మూకుడు, కుక్కరు, అట్ల పెనం, పాల గిన్నె. మొదట్లో అందరూ మెషిన్ వచ్చింది కదా ఇంక అంట్లు లేవు అనుకుని లేచి చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు, ఆ గుట్ట ఎవరిది అని ఎవరూ అడగలేదు, ఎవరూ అడగని పని మా ఇంట్లో ఎప్పుడూ అక్క చేతికే వెళ్తుంది. రివ్యూల్లో ఇది ఎవరూ రాయరు, పేపర్ మీద పని తగ్గింది, తగ్గినది నాకు, మిగిలినది తనకి.

అప్పుడు కూర్చుని నిజంగా రాశాం, క్యాలెండర్ వెనకాల, మెషిన్ కి సంబంధించి మొత్తం ఏమేం పనులున్నాయి అని. కంచం దులిపి లోపల సర్దడం. సందు చూసి పెద్దవి కింద, గ్లాసులు పైన పెట్టడం, లోపల తిరిగే రెక్కకి గరిటె అడ్డం పడకుండా చూడటం (పడిందంటే రెక్క ఆగిపోతుంది, పైన సగం గిన్నెలు అలాగే జిడ్డుతో వస్తాయి). టాబ్లెట్ వేసి నొక్కడం. అయ్యాక తీసి ఎక్కడివక్కడ సర్దడం. అడుగున ఉండే జాలీ తీసి కడగడం, ఇది ఎవరికీ ఇష్టం లేని పని, జాలీలో వారం రోజుల మెతుకులుంటాయి. ఉప్పు పొయ్యడం (మెషిన్ కి ఉప్పెందుకో కింద ఖర్చుల దగ్గర చెప్తా). టాబ్లెట్లు అయిపోతున్నాయని గుర్తుంచుకుని తెప్పించడం. చేతి గుట్ట. ఇన్ని పనులు ఉన్నాయని మావయ్యకి అప్పుడే తెలిసింది, ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని రెండుసార్లు చదివారు.

రోజుకొకరు అని వంతులు వేద్దాం అన్నారు మా ఆయన. షిఫ్టులవాడు ఉన్న ఇంట్లో వంతులు నిలవవండి, ఈ వారం నైటు, వచ్చేవారం పొద్దున, ఆయన మంగళవారం ఎప్పుడూ ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పొద్దున్న వంటింట్లోకి ఎవరు ముందొస్తే వాళ్ళు తీసి సర్దాలి అని ఇంకో రూలు అనుకున్నాం, పైకి ఎంతో న్యాయంగా ఉంటుంది, కానీ ముందొచ్చేది రోజూ అక్కే. అందుకని రోజుల్ని పంచడం మానేసి పనుల్నే పంచాం, ఎవరి పని వాళ్ళదే, మొదటి నుంచి చివరిదాకా, గుర్తుంచుకోవడంతో సహా.

పంచడానికి ఇంటర్ అబ్బాయి ఒక పద్ధతి తెచ్చాడు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ళు స్ప్లిడిట్ అని 2014లో ఒక వెబ్‌సైట్ పెట్టారు, అద్దె, ఆస్తి, ఇంటి పనులు లెక్క ప్రకారం పంచుకోవడానికి, అందులో ఒక్కొక్కరూ ఏ పని తమకి ఎంత కష్టమో తామే చెప్పుకునేవారు. వాడు సైటు జోలికి పోకుండా ఆ ఆలోచన మాత్రం తీసుకుని తలో చీటీ ఇచ్చాడు, ఒక్కో పనికి పదికి ఎంత చిరాకో వేసుకోమని. చీటీలు విప్పితే తమాషా. అందరూ పది వేసిన జాలీకి మా ఆయన రెండు వేశారు, ఫ్యాక్టరీలో అంతకన్నా ఘోరమైనవి చూస్తార్ట. అత్తయ్యకి వంగి కింద ట్రేలో పెట్టడం తొమ్మిది, కూర్చుని స్పూన్లు తుడిచి వేరుచెయ్యడం సున్నా, సున్నా పక్కన "టీవీ చూత్తా చేత్తాను" అని రాయించారు. నేను చేతి గుట్టకి నాలుగు వేశాను, అక్క ఎనిమిది వేసింది. ఇన్నేళ్ళుగా తను ఎనిమిది అనుకునే పని మాట్లాడకుండా చేస్తోందని నాకు ఆ చీటీ చూసేదాకా తెలీదు. అది నేను తీసుకున్నాను, రాత్రి పూట. మధ్యాహ్నం గుట్ట నానబెట్టి ఉంచాలి, ఎవరూ ముట్టుకోకూడదు, అక్క ముట్టుకుంటే నేను ఊరుకోను అని ఒప్పందం.

చీటీల పద్ధతిలో ఒక చిల్లు ఉంది, అది కూడా చెప్పాలి. బద్ధకస్తుడు అన్నిటికీ పది వేస్తాడు. ఎనిమిదో క్లాసు అమ్మాయి అదే చేసింది. అందుకే మొత్తం మార్కులు అందరికీ ఒకటే ఇవ్వాలి, అందులోనే సర్దుకోవాలి, ఒకదానికి ఎక్కువ వేస్తే ఇంకోదానికి తగ్గాలి. రెండోసారి అలా పెడితే ఆ పిల్లకి గ్లాసులు సర్దే పని పడింది, బానే చేస్తోంది, నెలకో గ్లాసు పగులుతుంది, పర్లేదు.

మెషిన్ సర్దడం బావగారు తీసుకున్నారు. ఇది మాకెవరికీ నమ్మకం కుదరని విషయం. పాతికేళ్ళు తిన్న కంచం తీయని మనిషి ఇప్పుడు మేం పెట్టినవి తీసి మళ్ళీ పెడతారు, "ఇలా కాదమ్మా, గిన్నె మూతి రెక్క వైపు ఉండాలి, కంచానికీ కంచానికీ మధ్య వేలు దూరాలి" అని క్లాసు. తోమడం అంటే నామోషీ, లోడింగ్ అంటే టెక్నికల్ పని. పేరేదైతేనేం, రాత్రి భోజనాలయ్యాక మగమనిషి అరగంట వంటింట్లో ఉంటున్నాడు. అక్క మాత్రం "పొగడకే చెల్లీ, నన్నెవరైనా పొగిడారా ఇన్నాళ్ళూ" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు. పొగడటం మానేశాం. ఆయనకేం తేడా రాలేదు, సర్దుతూనే ఉన్నారు.

టాబ్లెట్లు, ఉప్పు తెప్పించే బాధ్యత కూడా ఆయనదే. ఎవరూ గుర్తుచెయ్యకూడదు అన్నది రూలు, ఎందుకంటే గుర్తుచెయ్యాల్సి వస్తే ఆ పని సగం గుర్తుచేసినవాళ్ళదే. ఒక ఆదివారం టాబ్లెట్లు అయిపోయాయి, ఆ రోజే చేపల పులుసు, పైగా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. అక్కకి డబ్బా ఖాళీ అని రెండు రోజుల ముందే తెలుసు, చెప్పలేదు. బావగారు డబ్బా దులిపి చూశారు, మా అందరి మొహాలూ చూశారు, లుంగీ ఎగ్గట్టి సింకు దగ్గర నిలబడ్డారు. అత్తయ్య గిలగిల్లాడిపోయారు, "ఇంతమంది ఆడాళ్ళం ఉండగా ఆడు తోమడమేటి" అని లేవబోతే అక్క చెయ్యి పట్టుకుని "కూకోండత్తయ్యా, కాసేపే కదా" అని కూర్చోబెట్టింది. అంత నెమ్మదిగా చెప్పింది గానీ, అక్క ఆ ఇంట్లో అత్తయ్యకి ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు. అప్పటి నుంచి ఇంట్లో రెండు డబ్బాలు టాబ్లెట్లు స్టాకుంటున్నాయి.

తీసి సర్దే పని అబ్బాయిది, కాలేజీ బస్సు ఎక్కేలోపు. అసలు చిక్కుముడి ఈ పనిలోనే ఉంది, కొనబోయేవాళ్ళు గమనించండి. లోపలున్నవి తీయకపోతే కొత్త ఎంగిలివి పెట్టడానికి చోటుండదు, అవి సింకులో పేరుకుంటాయి, పేరుకున్నాయంటే ఎవరో ఒకరు చూడలేక చేత్తో తోమేస్తారు, ఇంక మెషిన్ అలంకారానికే. ఇంకో గోల ఏంటంటే తలుపు తీస్తే ఇవి తోమినవా తోమనివా తెలీదు, పల్చగా నీళ్ళతో కడిగి పెట్టిన గ్లాసు అచ్చం తోమినట్టే ఉంటుంది, మావయ్య అలాంటిదాంట్లో మజ్జిగ తాగేశారు కూడా. మా బుడ్డది ఒక అట్టముక్క మీద ఒక వైపు నవ్వే మొహం, ఇంకో వైపు ఏడుపు మొహం వేసి మ్యాగ్నెట్‌తో తలుపుకి తగిలించింది, తిప్పుకోవడమే. ఇంత ఖరీదు మెషిన్ కి ఆ అట్టముక్క కంపెనీవాడే ఇచ్చి ఉండాల్సింది.

మా ఇంటికి పనికి వచ్చే ఆవిడ గురించి కూడా రాయాలి, ఎందుకంటే మెషిన్ కొన్న ప్రతి ఇంట్లో మొదట వచ్చే మాట ఆవిడ జీతం తగ్గిద్దామా అని. మా ఇంట్లోనూ వచ్చింది, ఎవరన్నారో చెప్పను. ఆవిడ పొద్దున ఒక్కపూటే వస్తుంది, రాత్రి అంట్లు, గదులు ఊడ్చి తుడవడం, బాత్రూములు. రాత్రి అంట్లు తగ్గాయి కదా అని లెక్క. నేను ఎకనామిక్స్ చెప్పే మనిషిని కాబట్టి నాకే ముందు నోరు లేచింది, మనం కొన్న సామాను వల్ల మనకి మిగిలిన టైమ్ కి డబ్బు ఆవిడ ఎందుకు కట్టాలి అని. అక్క ఇంకా సూటిగా "జీతం తగ్గిస్తే ఆ తగ్గించినవాళ్ళే బాత్రూములు కడగండి" అంది. జీతం అలాగే ఉంది. ఆవిడ అరగంట ముందు వెళ్ళిపోతోంది, ఆ అరగంటలో ఇంకో ఇల్లు పట్టుకుందట. మెషిన్ ని మాత్రం ముట్టుకోదు, "నాకొద్దమ్మా, పాడైతే నా మీదకొత్తాది" అంటుంది, ఆ మాటా నిజమే.

రథసప్తమికి అసలు పరీక్ష. అరసవల్లి మాకు అంత దగ్గర కావడం వల్ల ముందురోజు రాత్రి నుంచే చుట్టాలు దిగిపోతారు, తెల్లారుజామున దర్శనం క్యూకి వెళ్ళి వచ్చి ఇక్కడే టిఫిన్లు. ఆ రెండు రోజులూ మెషిన్ ఆగకుండా తిరిగింది, కాఫీ గ్లాసులకి చిన్న ప్రోగ్రాం పెట్టాం, గంటలోపే అయిపోతుంది, స్టీలు గ్లాసులు తళతళ. కానీ పరమాన్నం అండా, పులిహోర బేసిన్లు, ఇడ్లీ కుక్కరు, ఇవన్నీ పెరట్లో కుళాయి దగ్గరే, చుట్టాల ఆడవాళ్ళందరూ పీటలేసుకుని కూర్చున్నారు. అంత పని ఉన్నా ఆ పెరటి ముచ్చట్లు వాళ్ళకే కావాలి, మెషిన్ లో పట్టినా ఇచ్చేవాళ్ళు కాదు. అరటాకుల్లో పెడితే కంచాల గోల సగం పోతుందని మావయ్య చెప్తూనే ఉన్నారు, వచ్చే ఏడాది ఆయన మాటే వింటాం.

ఖర్చులు. టాబ్లెట్ ఒకటి 15 నుంచి 20 రూపాయలు పడుతోంది, పొడి అయితే ఇంకా తక్కువ, మామూలు జిడ్డుకి పొడి చాలు. కరెంటు ఒకసారి తిప్పితే అటూ ఇటూగా ఒక యూనిట్. నీళ్ళు పది లీటర్ల చుట్టూ, ఇది మాత్రం మే నెలలో బోరు సన్నగా వస్తున్నప్పుడు మాకు వరం, కుళాయి తిప్పి తోమితే అంతకి ఎన్ని రెట్లో అవుతాయి. ఉప్పు ఎందుకంటే నీళ్ళల్లో ఉన్న సున్నం పీల్చుకునే రెసిన్ ఒకటి లోపలుంటుంది, దాన్ని మళ్ళీ పనిలోకి తేవడానికి ఉప్పు కావాలి. మాది బోరు నీళ్ళు, గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకునే రకం, అందుకని ఉప్పు తొందరగా అయిపోతుంది. వంట ఉప్పు పొయ్యకండి, సన్నగా ఉంటుంది, గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి, అడ్డుపడుతుంది. వాళ్ళమ్మే గళ్ళుప్పే పొయ్యాలి. ఆ ఉప్పు మా ఊళ్ళో జీటీ రోడ్డు అంతా తిరిగినా మాకు దొరకలేదు, ఆన్‌లైన్ లో తెప్పించుకోవాలి, వచ్చేదాకా గ్లాసుల మీద తెల్లటి మరకలు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద తిరగదు, మామూలు ఇంటి ఇన్వర్టర్ ఆ హీటర్ ని మొయ్యలేదు. మా మోడల్ కరెంటు వచ్చాక ఆగిన చోట నుంచి మొదలెడుతుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లాలో కరెంటు లేకుండా ఎలా ఉన్నామో మర్చిపోనివాళ్ళు ఎవరైనా, చేత్తో తోమే పీచూ సబ్బూ ఇంట్లోంచి తీసెయ్యరు లెండి.

సర్వీసు గురించి చెప్తానన్నాను కదా. నీళ్ళు బయటికి పోవట్లేదని ఒకసారి కంప్లైంట్ పెట్టాం, మనిషి వైజాగ్ నుంచి రావాలన్నారు, వంద కిలోమీటర్ల పైన దూరం, రేపు మాపు అంటూ వాయిదాల మీద వాయిదాలు. ఆ రోజులన్నీ మా ఇంట్లో పరీక్షే, పాత రూలు తిరిగొచ్చేస్తుందేమో అని నాకు లోపల భయం. రాలేదు. బావగారు అంట్లు వరస పెట్టి కుళాయి కింద పెట్టారు, అబ్బాయి తుడిచాడు, ఎవరి ముక్క వాళ్ళే చేత్తో చేశారు, ఆలస్యంగా, సణుక్కుంటూ, నేల నిండా నీళ్ళు. చివరికి టెక్నీషియన్ వచ్చి డ్రెయిన్ పైపులోంచి చింతపిక్క తీశాడు. జాలీ సరిగ్గా బిగించకపోతే ఇలాంటివి కిందకి పోతాయట, మా ఆయన అది విని ఏమీ ఎరగనట్టు బయటికి వెళ్ళారు.

ఎవరు కొనొచ్చు అని అడిగితే, ఇద్దరే ఉండే ఇంటికి దీనికన్నా ఒకరు తోమి ఒకరు తుడుచుకోవడం తేలిక, రోజంతా పోగేస్తే గానీ నిండదు. ఐదారుగురు దాటిన ఇల్లు, స్టీలు ఎక్కువ వాడే ఇల్లు అయితే నిక్షేపంగా కొనండి. రూములో ఉండే కుర్రాళ్ళు, వర్కింగ్ లేడీస్ కలిసి తీసుకునే ఇళ్ళు అయితే టేబుల్ మీద పెట్టే చిన్న సైజువి వస్తున్నాయి, కానీ తీసి సర్దేది ఎవరో, జాలీ ఎవరిదో ముందు రాసుకుని తర్వాత డబ్బులు పోగెయ్యండి.

మెషిన్ కి నాలుగు స్టార్లు, ఒకటి అన్నం గిన్నె పట్టనందుకు తీసేశా. షాపువాళ్ళకి రెండు. సర్వీసుకి ఒకటిన్నర, అదీ ఆ టెక్నీషియన్ కుర్రాడు మంచివాడు కాబట్టి. అక్కని కూడా అడిగాను ఎన్ని ఇస్తావని, మూడు చాలంది. ఎందుకంటే వంట ఇంకా తనదే, చీటీల్లో వంట అనే గడి మేమెవరం పెట్టనే లేదు. ఈ ఆదివారం మళ్ళీ చీటీలు వెయ్యాలట, ఈసారి పదికి ఎంత అన్నది తనే చెప్తుందట.